మొదటి చీటీకి చిన్న బొమ్మ

ఆర్హుస్

అమ్మా, నేను కులాసా.

ఆఫీసులో అందరం నెలనెలా కొంచెం డబ్బు వేసుకుని కొని గోడలకు తగిలించిన బొమ్మలకు నిన్న చీటీలు తీశారు. ముందు నా పేరే వచ్చింది, నచ్చింది అందరికంటే ముందు ఏరుకోవచ్చు. అందరి కళ్ళూ క్యాంటీన్లోని పెద్ద నీలం బొమ్మ మీదే. నేను మాత్రం మరుగుదొడ్డి పక్కన వేలాడే చిన్నదాన్ని దించుకున్నాను.

"బంగారంలాంటి చీటీ పాడుచేశావు కదమ్మా సోల్వై" అని నా పక్క సీటు థోర్కిల్ తల పట్టుకున్నాడు.

"నీ గోడకు కాదులే" అన్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? వచ్చేవాళ్ళ చేత రొట్టెల పులిపిండి కొంచెం పంపు. బంగారు ఫ్రేములోని నీ ఓడ బొమ్మ వద్దన్నానని ఇంకా అలిగే ఉన్నావట. నా బొమ్మలో తల్లీకూతుళ్ళు ఎడమొహం పెడమొహంగా కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నారు. గిన్నె మాత్రం ఇద్దరికీ ఒకటే.

నాన్నకు ముద్దులు.
నీ సోల్వై