గేటు దగ్గర ఫోన్ల సంచి

సంతూ,

నువ్వు పోయాక తొలిసారి మన శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లో టెక్నో పార్టీ పెట్టారు. రాత్రయితే పోలీసులు వస్తారని మధ్యాహ్నమే మొదలుపెట్టారు. హల్దీ ఫంక్షన్ అనుకోవాలని గేటుకు బంతిపూల దండలు కట్టారు. డీజే ఎవరనుకున్నావు? మీ చెల్లి లావణ్య. మెడలో నీ హెడ్‌ఫోన్సే.

గేటు దగ్గర తనే సంచి పట్టుకుని నిలబడింది. "అన్నా, ఫోన్ గిండ్ల ఎయ్యి."

"మల్ల గదే సంచా, లావణ్యా?"

"ఏం జెయ్యాలె? ఒక్క వీడియో బయటికి పోతే అందర్ని పట్కపోతరు. మా అన్న పెట్టిన రూలే గదా."

ఫోన్ వేశాను. రెండోది నా సాక్సులో ఉంది. నువ్వు డాన్స్ చేస్తూ కుప్పకూలిన రోజు, అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామంటే ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. సంచి కారు డిక్కీలో ఉంది, తాళం ఎవరి దగ్గరుందో తెలియలేదు. అందుకే నిన్న స్పీకర్లు మోగకముందే వంగి, సాక్సులో ఫోన్ ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

లావణ్య నవ్వుతూనే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోబోతూ ఆగి, నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"ఇంకో ఫోన్ తెచ్చినవ్ గదా అన్నా? నా దిక్కే సూస్కుంట నిలబడు."