పోస్టులో వెళ్ళిన లెక్కలు

బండారులంక,
జులై.

ప్రియమైన దుర్గాశ్రీ తల్లికి,

నువ్వు గురుకులంలో చేరి నెల తిరిగింది. అక్కడ పిల్లలకి ఫోన్లు ఇవ్వరని మీ అమ్మ ఏడిచింది. నేను ఏడవలేదు. పోస్టాఫీసు ఇంకా మూసెయ్యలేదు కదా.

నువ్వు పంపిన లెక్కలన్నీ చేసి ఇందులో పెట్టేను. నీ దస్తూరీలోకి ఎక్కించుకుని మేడం గారికి చూపించెయ్యి. జవాబులొచ్చేసరికి గడువు దాటిపోతోందన్నావుగా, అందుకని పై పాఠం కూడా ముందే చేసి పంపేను. మగ్గం మీద చీర సగంలో ఆగింది. షావుకారు గారొచ్చి "ఏమైందయ్యా మాణిక్యాలరావూ?" అన్నారు. "అమ్మాయికి హోంవర్కు ఎక్కువైందండి" అన్నాను. "చదివేది ఆవిడా, నువ్వా?" అన్నారు. "ఇద్దరమూనండి, సీటొక్కటే ఇచ్చేరు" అన్నాను.

ఒకటో క్లాసు నుంచీ నీ హోంవర్కులో తప్పన్నది లేదు. పోగు తెగితే ఎవరి కంటా పడకుండా ముడెయ్యడం మన కులవిద్య. నేనుండగా నీకు భయం లేదు.

నీ లెక్కల మాస్టారు,
నాన్న.

---

గురుకులం,
ఆగస్టు.

ప్రియమైన నాన్నగారికి,

మీరు పంపినవన్నీ ఎక్కించేనండి. అన్నిటికీ "గుడ్" పెట్టేరు. కానీ నిన్న కరుణ మేడం గారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, మీరు చేసిన లెక్కే మళ్ళీ చెయ్యమన్నారు. సుద్దముక్క పట్టుకుని నించున్నాను. మొదటి లైను ఏం రాసేరో గుర్తుంది. ఎందుకు రాసేరో తెలీలేదు. పిల్లలు నవ్వేరండి. మేడం గారు నవ్వలేదు, అదే బాగోలేదు.

ఈసారి జవాబులు పంపకండి. ఎలా మొదలెట్టాలో అదొక్కటీ చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

అమ్మని అడిగేనని చెప్పండి.

మీ దుర్గాశ్రీ.

---

బండారులంక,
అక్టోబరు.

ప్రియమైన తల్లికి,

మేడం గారు కబురుచేస్తే నిన్న గురుకులానికి వచ్చేను. నువ్వు క్లాసులో ఉన్నావని చూడనివ్వలేదు. పరీక్షలో నీకు ఎనభైకి తొమ్మిదొచ్చేయని పేపరు చూపించేరు. "హోంవర్కులో నూటికి నూరు, పరీక్షలో తొమ్మిదీ. ఇంట్లో ఎవరు చేస్తారండీ?" అనడిగేరు. "నేనేనండి" అన్నాను. "అయితే పరీక్ష కూడా మీరే రాయాల్సింది" అన్నారు. ఆవిడా మన వైపు మనిషే అనుకుంటాను, తిట్టినా మర్యాదగానే తిట్టేరు.

ఇంకో పరీక్ష చూసి, అదీ ఇలాగే ఉంటే టీసీ ఇచ్చేస్తామన్నారు. ఇంకో పరీక్ష ఎందుకండీ, ఇప్పుడే ఇచ్చెయ్యమన్నాను. వచ్చే నెల రెండో ఆదివారం తల్లిదండ్రుల్ని రానిస్తారుగా, అప్పుడొచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాను. మనూళ్ళో బడి లేదా? పక్కన కూర్చుంటాను, మళ్ళీ అన్నీ గుడ్లే.

అందాకా శాతాల పాఠం చేసి పంపేను. అందులో ఓ లెక్క చూసి నవ్వొచ్చింది. వెయ్యి రూపాయల చీరకి పది శాతం పెంచి, తర్వాత పది శాతం తగ్గిస్తే ఎంత? పెంచింది తీసేస్తే ఎంత, వెయ్యే! ఇవీ ఓ లెక్కలేనా?

నీ లెక్కల మాస్టారు,
నాన్న.

---

గురుకులం,
అక్టోబరు.

నాన్నగారికి,

టీసీ తీసుకోకండి. నేను రాను.

మీ కాగితాలు తిరిగి పంపిస్తున్నాను. చీర లెక్క తప్పండి. వెయ్యికి పది శాతం పెంచితే పదకొండొందలు. తగ్గించేటప్పుడు ఆ పదకొండొందల మీద తగ్గించాలి. నూటపది పోతాయి. తొమ్మిదొందల తొంభై. నాకు రెండు రోజులు పట్టింది. ఎవరూ చెప్పలేదు, పక్కనెవరూ లేరు. ఎవరూ లేరు గనకే వచ్చిందనుకుంటున్నాను.

మగ్గం మీద నన్నెప్పుడూ కూర్చోనివ్వలేదు, పోగు తెంపేస్తానని. నేను తప్పు రాసేలోపే పెన్సిలు లాక్కునేవారు. నాకు రాదని నాకంటే ముందు మీకే తెలిసిపోయిందండి. మీరు నమ్మేరని నేనూ నమ్మేసేను.

తర్వాత పరీక్షలో కూడా తప్పుతానేమో. తప్పితే నేనే తప్పినట్టుంటుంది.

రెండో ఆదివారం అమ్మ ఒక్కర్తినీ పంపండి. మీరొస్తే పెన్ను తీసుకుంటారు.

దుర్గాశ్రీ.

---

బండారులంక,
నవంబరు.

దుర్గాశ్రీకి,

నువ్వు చేసిందే రైటు. నమ్మకం చాలక షావుకారు గారి చేత కూడా వేయించేను. తొమ్మిదొందల తొంభయ్యే. "ఇన్నేళ్ళు నేసేవు, ఇది తెలీదా?" అన్నారు. "నేసేనండి, అమ్మింది మీరు" అన్నాను. ఆయన నవ్వేరు. నాకు నవ్వు రాలేదు. పెంచింది తీసేస్తే ఉన్నచోటికే వస్తామనుకున్నాను ఇన్నాళ్ళూ. మధ్యలో కొంత పోతుందన్నమాట.

టీసీ వద్దని మేడం గారికి చెప్పేను. ఆదివారం మీ అమ్మ వస్తుంది. నేను బస్సు దాకా వస్తాను. ఎక్కను.

ఇంకేం రాయాలో తోచట్లేదు. లెక్కలు తీసేస్తే నీతో మాట్లాడ్డానికి నా దగ్గర ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది. అక్కడ నీకేం పెడుతున్నారో కూడా ఒక్క ఉత్తరంలో అడగలేదు. అది రాయి. రాయాలనిపిస్తేనే.

కింద సగం కాగితం ఖాళీగా వదిలేస్తున్నాను. నింపెయ్యమని చెయ్యి లాగుతోంది. ఆపుకుంటున్నాను.

నాన్న.