చెక్కకు వేలాడిన చేపలు

రేవు వీధి మలుపులో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న నేను ఆస్పత్రి మంచం మీద నుంచి నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా కుడి మణికట్టు విరిగింది. తలలో నెత్తురు గడ్డకట్టింది, రేపు కోస్తారు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదని డాక్టరమ్మ పరీక్షించి ధ్రువపరిచింది. నా మీద ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేయగల మా తమ్ముడు ప్రస్తుతం పోలీసుల దగ్గర ఉన్నాడు.

1. స్టూడియో లోపలి గదిలోని గాజు నెగటివులన్నీ, నాలుగో అంశంలో చెప్పే ఒక్కటి తప్ప, నా మేనకోడలికి, అంటే నన్ను కొట్టినవాడి కూతురికి, సర్వహక్కులతో చెందాలి.

సరదాకి గాలం వేసే పెద్దమనుషులు ఏటా మా రేవులో పోటీ పెట్టుకుంటారు. గెలిచిన చేపను ఒడ్డుకు లాగి, దుడ్డుకర్రతో తల పగలగొట్టి, దవడను మేకుకి గుచ్చి చెక్కకు వేలాడదీసేవారు. నెత్తురు కారుతుండగానే నాన్న ఫొటో తీసేవాడు. ఆయన తరవాత నేను తీశాను. ఆ ఏళ్ళన్నిటిలో ఆ చెక్క మారలేదు, మేకులు కదల్లేదు. కాబట్టే ఫొటోలో చెక్కను చూసి ఏ కాలంలో చేప ఎంత ఉండేదో, చేపల మీద పరిశోధన చేసే నా మేనకోడలు కొలవగలిగింది. నాన్న రోజుల్లో తోకలు నేలకు తగిలేవి. నేను కెమెరా పట్టేనాటికి తోక కిందుగా కుక్క దర్జాగా దూరిపోయేది.

2. ముందు గదిలోని ఫొటోలూ ఫిల్ములూ ఎవరికీ రాయడం లేదు. అవి ఇప్పుడు బూడిద.

తమ్ముడు ఆ గాలాల క్లబ్బు అధ్యక్షుడయ్యాక, అద్దె పడవలన్నీ వాడివే అయ్యాక, చెక్కను మూలన పడేయించాడు. "చెయ్యి బాగా ముందుకు చాచండి సార్, కెమెరా ముక్కుకి తగలాలి" అని గెలిచినవాళ్ళకు దగ్గరుండి నేర్పేవాడు. జానెడు చేప దూడంత కనిపించేది. పాపం, నా కోడలు మొదట నమ్మేసి, చేపలు మళ్ళీ పెరిగాయని సంబరంగా రాసుకుంది కూడా. తరవాత ఆ చేతుల్ని చూసింది. "అత్తా, చేప పట్టుకున్న బొటనవేలు ఆయన మొహం కంటే పెద్దగా ఉంది, చూడు!" అని పకపకా నవ్వి, అంతలోనే ఏడ్చింది. గుడ్లు పెట్టే నెలల్లో సరదా వేట ఆపాలని తన పరిశోధనలో రాస్తానని ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పింది.

తెల్లారేసరికి వాడు చేపల్ని చంపే ఆ దుడ్డుకర్రతోనే నా స్టూడియోకి వచ్చాడు. "అక్కా, నీ బొమ్మలు నా పొట్ట కొడుతున్నాయి, అడ్డు లే!" అని అరుస్తూ గోడ మీది అద్దాలన్నీ బద్దలుకొట్టి, ఫిల్ముల మీద కిరసనాయిలు పోసి అంటించాడు. తను కూర్చి పెట్టిన అబద్ధాల్నే తగలబెట్టుకున్నాడు, అంత తెలివైనవాడు! నా కోడలు తన లెక్కల్లో ఆ ఏళ్ళ చోట ఖాళీ వదలాలి. ఊహించి పూడ్చకూడదు. పక్కన "మా నాన్న తగలబెట్టాడు" అని రాయాలి. సిగ్గుపడితే నా మీద ఒట్టు.

3. మేడ మీది గది నా మరదలికి చెందాలి. నేను లోపలి గది తలుపుకి అడ్డంగా నిలబడితే వాడు మొదట మణికట్టు మీద కొట్టాడు, తరవాత తల మీద. నేను కూలబడ్డాను. మూడో దెబ్బకి ఆమె మధ్యలో దూరింది. పన్ను ఊడి నా ఒళ్ళో పడింది. అయినా మొగుడి జుట్టు వదల్లేదు, వీధిలోకి ఈడ్చుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆమెను నోరులేని మనిషని వెక్కిరించినందుకు నాకు బాధగా ఉంది. ఆ గదికి లోపలి నుంచి గడియ ఉంది. తాళంచెవి ఇంకెవరి చేతికీ పోకూడదు. నా ఊలు శాలువా కూడా ఆమెదే, చలికి ఒణికే మనిషి.

4. నా తమ్ముడికి: కేసు ముగిశాక పోలీసులు ఆ దుడ్డుకర్ర ఇస్తే, అది వాడికే. నేను క్షమించి పోయానని ఎవరూ వాడికి చెప్పకూడదు. క్షమించలేదు.

దానితో పాటు లోపలి గదిలోని ఒక గాజు నెగటివు కూడా వాడికి చెందాలి. కోడలు ముందుగా ఒక కాపీ తీసుకోవాలి. మా నాన్న తీసినవాటిలో అతి పెద్ద చేప అందులో ఉంది. అది మేకులన్నిటినీ కప్పేసింది, చెక్కతో కొలవడానికి వీల్లేదు. దాని పక్కన ఒక పసివాడు, మోచేతుల దాకా చేప నెత్తురుతో, పైపళ్ళు రెండూ లేకుండా నవ్వుతున్నాడు. చేప వాడి కంటే పొడుగు. వాడి ఎత్తు మా అమ్మ వంటింటి ద్వారబంధం మీద గీసి పెట్టింది. ఆ గీత ఇంకా ఉంది. కాబట్టి ఆ చేపకి నా కోడలికి దొరికిన కొలబద్ద వాళ్ళ నాన్నే.

కర్ర వాడి చేతికిస్తున్నాను, గాజూ ఇస్తున్నాను. పగలగొట్టదలిస్తే ఆ పిల్లాడి మొహం మీదే కొట్టాలి.

దీన్ని అమలు జరిపే బాధ్యత ఐసు ఫ్యాక్టరీ యజమానిది. తూకంలో తప్ప ఎక్కడా అబద్ధమాడడు.

తేదీ: ఈ ఏటి గాలాల పోటీ జరగకుండా ఆగిపోయిన ఆదివారం.

సంతకం: కుడిచెయ్యి లేవదు కనుక, ఎడమచేతి బొటనవేలి ముద్ర. అసలు సైజే.

సాక్షులు:
ఎముకల డాక్టరమ్మ
పక్క మంచం మీది దర్జీ, అంతా విన్నాడు