గని మీద మొగులు

శుక్రవారం రాత్రి, బతుకమ్మ పండుగ పోయినంక

వారం సంది ముసురే. గీ మబ్బుకే పత్తి చేన్ల పచ్చపురుగు కాయకాయకు వట్టింది. నిన్న జర తెరిపియ్యంగ కొట్టిన మందు పనిచెయ్యాలంటె ఇయ్యాల వాన పడొద్దు. గనిల దిగినంక మొగులు కనవడదాయె. నాకంటె శానసేపు ఎనుక దిగొచ్చిన తోటి కార్మికుడు రాజన్నను, పైన వాన ఉన్నదా అని అడిగిన.

"మంచిగ ఎండ కొడ్తాంది తమ్మీ. ఫికర్ జెయ్యకు, ముందుగాల నెత్తి మీది గని రూఫ్ కూలకుంట సూస్కో" అన్నడు. పానం నిమ్మలమైంది.

షిఫ్టు అయి పైకొస్తె వాన. పొద్దటి సంది పడుతనే ఉన్నదట. సక్కగ చేనుకు ఉరికిన. మా ఇంటామె తడుసుకుంటనే ఒక్కొక్క పురుగును ఏరుతాంది.

"మందంత కొట్టుకపాయె. ఇంక నా చేతులతోని ఎన్నని ఏరాలె?" అని ఏడ్చింది. నేను గూడ వంగి ఏరవట్టిన.

అబద్దం చెప్పిండని రాజన్న మీద కోపం రాలే. ఇయ్యాల మొత్తంల నేను బతికింది పైన ఎండే అనుకున్న ఆ కొంచెంసేపే. రేపు గూడ అడుగుత. వాన పడ్డా ఎండే అని చెప్పాలె రాజన్న.