దొరసాని కాగితంలో మన తోపు

క్రిస్టీనా వాళ్ళ నాన్నకు ప్రేమమ్మ వందనాలు. దేవుని దయవల్ల నేనూ పిల్లా కులాసా. కొండల్లో ఆ వంతెన పని దగ్గర మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరడిగిన సంగతులు. మేక ఈనింది, రెండూ ఆడపిల్లలే. మిరప కోతలు మొదలయ్యాయి. చేతుల మంటకు కొబ్బరినూనె రాస్తున్నాను, బెంగపడొద్దు. ఇక మీ నాన్న కావిడితో నీళ్ళు మోసి బతికించిన వేప తోపు అంటారా, నిలిచిందండీ! ఒక్క కొమ్మ పోలేదు!

సోమవారం తోపులోనే గ్రామసభ పెట్టారు. అక్కడ కోల్డ్ స్టోరేజీ కడతానని మిర్చి వ్యాపారి రామకాంత్ గారి పట్టు. మన చేతిలో ఉన్నది వెనకటి మిషన్ దొరసాని రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం ఒక్కటే. ఈ 'టోప్' పేటవాళ్ళ ఉమ్మడిది, వాళ్ళ ఒప్పుదల లేకుండా ఎవరూ కదపరాదు అని అందులో ఉంది. రామకాంత్ గారు నవ్వాడు.

"టోప్ ఏందండీ? చెట్లయితే ట్రీస్ అని ఉండాలిగా? ఇది ఖాళీ జాగా!"

ఎమ్మార్వో మేడమ్‌కీ ఆ మాట తెలియలేదు. అప్పుడు లేచింది మన పిల్ల. గుంటూరు కాలేజీ లైబ్రరీలో పెద్ద డిక్షనరీ వెతికి తెచ్చిన జిరాక్సు చూపించింది.

"టోప్ అంటే చెట్ల తోపే మేడమ్. ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళ దగ్గర, తమిళుల దగ్గర విని మన మాటే పట్టుకెళ్ళారు."

"ఓర్నాయనో, మన తోపేనంటరా!" అని ఎలీషా తాత కేకేశాడు. పేటంతా ఒకటే చప్పట్లు.

రామకాంత్ గారు చల్లగా ఇంకో కాగితం తీశాడు. "తోపే అనుకుందాం. చెట్లు కొట్టుకోమని ఈళ్ళే సంతకాలు పెట్టారుగా?"

ఇది చెప్పడానికే ఇంతసేపూ వెనకాడాను. అందులో మొదటి సంతకం నాది. చర్చి స్త్రీల సమాజంలో ప్రార్థన కాగానే హాజరు పుస్తకం వస్తే, చూడకుండా సంతకం పెట్టడం మనకు అలవాటేగా? అతని మనిషి ఆ కాగితాన్ని అందులో పెట్టించాడు. కార్యదర్శినైన నేనే పెడితే మిగతావాళ్ళూ పెట్టారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ, నెల రోజులుగా అన్నం సయించలేదు. మీకక్కడ సిగ్నల్ లేకపోవడం నాకు కలిసొచ్చింది. క్షమించండి.

నేను లేచాను. "కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాం మేడమ్, కళ్ళు మూసుకునే సంతకమూ పెట్టాం. తప్పు నాది. నా సంతకం నేను ఎనక్కి తీసుకుంటన్నా!" అన్నాను. వెనక్కి తిరిగితే సంతకం పెట్టిన ముప్పై మంది ఆడవాళ్ళూ, మావీ అంతే అంటూ, లేచి ఉన్నారు. మేడమ్ ఆ కాగితం చెల్లదని కొట్టేశారు.

తోపు కదపరాదన్న కొత్త తీర్మానం మీద సంతకం చెయ్యమంటే, "ముందు చదవండి" అన్నాను. రెండుసార్లు చదివించుకున్నాకే పెట్టాను. అందులో తెలుగులోనే రాశారు, వేప తోపు అని. దొరల వెంట పోయిన మాట ఇంటికొచ్చింది. మరి మీరెప్పుడొస్తారు?

ఇట్లు,
కళ్ళు తెరిచి సంతకం పెడుతున్న
మీ ఇంటిది,
ప్రేమమ్మ