మీరు పెంచిన తీరు

వదినగారికి నమస్కారాలు.

పుట్టబోయే బుజ్జిముండకి మనమిద్దరం కలిసి స్వెటర్ అల్లుదామన్నారు కదా. ఒళ్ళు మీరు, చేతులు నేను అని పంచుకున్నాం. మొదటి చెయ్యి పూర్తయింది. రేపు మీవాడొచ్చి అమ్మాయిని తీసుకెళ్తున్నాడు, చెయ్యి కూడా దానితోనే పంపిస్తున్నాను. రెండు రోజులు వాళ్ళింట్లో ఆగి, అక్కణ్ణుంచి మీ దగ్గర దింపుతాడట. ఆసుపత్రి మీ వీధి చివరే కాబట్టి పురుడు అక్కడే నయం. ఒక్కగానొక్క పిల్ల, మీ చేతుల్లో పెడుతున్నాను.

ఏదైనా లోపముంటే మొహమాటపడకుండా రాయండి.

ఇట్లు,
మీ కోడలి అమ్మ

తా.క.: లోపం ఉండదనుకోండి. మర్యాదకి రాశాను.

*

వదినగారికి,

మీరు పంపింది క్షేమంగా చేరింది. కార్డు చిన్నది కాబట్టి సూటిగా రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని, తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు.

మీరు పెంచిన తీరు ఏమీ బాగాలేదు. మొదట్లో పద్ధతిగానే ఉంది. తర్వాత ఏమైందో ఏమో, అడ్డూ అదుపూ లేకుండా పెంచేశారు. అదీ ఒకవైపే! తగ్గించాల్సిన చోట తగ్గించనే లేదు. బల్లమీద పెట్టి స్కేలుతో కొలిచాను, ఎడమవైపు రెండంగుళాలు ఎక్కువ. మా ఆయనకి చూపిస్తే "వచ్చిందేదో వచ్చింది, సర్దుకుపో" అన్నారు. నాకు మనసొప్పలేదు. వెనక్కి పంపేద్దామంటే సరిపడా డబ్బా దొరకలేదు.

ఇట్లు,
మీ అల్లుడి అమ్మ

తా.క.: రంగు మాత్రం ఫరవాలేదు. ఉతికితే వెలిసిపోదు కదా?

*

లెక్కల టీచరుగారికి,

నమస్కారం రాయకపోతే బాగుండదని రాస్తున్నాను.

మీ కార్డు పోస్ట్‌మ్యాన్ కూడా చదివాడు. నా మొహం చూడలేక గోడవైపు చూస్తూ ఇచ్చి వెళ్ళిపోయాడు. పాతికేళ్ళుగా పెంచుతున్నాను, ఒక్కరంటే ఒక్కరు వేలెత్తి చూపలేదు. ఒకవైపే పెంచానా? నేనొక పక్క, మా ఆయనొక పక్క, రాత్రనకా పగలనకా పెంచాం! ఆ రంగు మా అత్తగారిది. ఎన్ని నీళ్ళు పోసినా పోయేది కాదు.

వెనక్కి పంపుతారా? పంపండి చూద్దాం. ఈ విషయంలో నేను తగ్గేది లేదు.

ఇట్లు,
పెంచడం చేతకాని మీ కోడలి అమ్మ

తా.క.: డబ్బా వెతికారా? డబ్బా!

*

వదినగారికి,

అదీ సంగతి! అన్నయ్యగారు కూడా చెయ్యి వేశారని ముందే చెప్పొచ్చుగా. మగవాళ్ళు వేలు పెడితే వంకరపోక ఏమవుతుంది? పైగా మీ అత్తగారి కాలం నాటి సరుకన్నమాట. అందుకే ఎటు లాగితే అటు సాగుతోంది.

మీరు తగ్గకపోతే పోనీండి, నేనే తగ్గిస్తాను. నిన్న పొద్దున్నే భుజం దగ్గర రెండు సూదులు గుచ్చి, సగం దాకా విప్పేశాను. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, బాల్కనీలో క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఇప్పుడు కాస్త దారికొచ్చింది.

ఇట్లు,
మీ అల్లుడి అమ్మ

తా.క.: రెండోది ఎప్పుడు పంపుతున్నారు? అదీ ఇలాంటిదే అయితే వద్దు.

*

అమ్మా తల్లీ,

దాన్ని ముట్టుకోకండి. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను. వాడు కానిస్టేబుల్.

తా.క.: ఈ ఉత్తరం కంటే ముందే వచ్చేస్తాను.

*

మా మంచి వదినగారికి,

క్షేమంగా ఇల్లు చేరాం. తమ్ముడు లాఠీ మీ గొడుగుల పక్కన మర్చిపోయాడు, కాస్త దాచండి.

మీ గుమ్మంలో నిలబడి "నా పిల్లేది?" అని నేను అరవడం, లోపల్నించి అది జామకాయ నములుతూ "ఏంటమ్మా?" అనడం, మీరు సూదులతో సహా ఆ చెయ్యి పట్టుకొచ్చి "ఇదిగో, చక్కగా తగ్గించాను" అనడం... తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీరు నవ్వి నవ్వి సోఫాలో కూలబడ్డారు. నేనూ నవ్వాను. కానీ ఒక మాట అక్కడ చెప్పలేకపోయాను, అమ్మాయి కళ్ళతోనే బతిమాలింది.

మీ చేతిలో ఉన్నది నేనల్లిన చెయ్యి కాదు. నేను పంపింది నీలం. అది ఆకుపచ్చ!

వంటింట్లోకి లాక్కెళ్ళి నిలదీస్తే అసలు సంగతి చెప్పింది. సంచీ బస్సులో మర్చిపోయారట. మీకూ నాకూ జడిసి, వాళ్ళింట్లో ఆగిన ఆ రెండు రోజుల్లో ఇంకోటి తయారుచేశారట. ఎలా అల్లాలో చెప్పింది అమ్మాయి, అల్లింది అల్లుడు. అమ్మాయి మంచం మీద పడుకుని "కుట్లు పెంచు, పెంచు" అంటూ, "తగ్గించు" అనేలోపు నిద్రపోయింది. పాపం అతను ఎదురు ప్రశ్న వెయ్యకుండా పెంచుకుంటూ పోయాడు.

కాబట్టి వదినగారూ, ఆ చెయ్యి పెంచింది నేను కాదు. మీరు పెంచిన మీవాడు.

ఇట్లు,
మీ కోడలి అమ్మ

తా.క.: అతన్ని ఏమీ అనకండి. నిద్రపోయిన పెళ్ళాన్ని లేపడం ఇష్టంలేక, రానిపని అలా చేసుకుంటూ పోయాడంటే, మీరు పెంచిన తీరు బాగానే ఉంది.