వంటపాకకు లేని ఇన్సూరెన్సు

గుడివాడ

అమ్మకు నమస్కారం. ఒంట్లో బాగానే ఉంది, మనసే మండుతోంది.

నీ తమ్ముడు హోటలు కాలితే నష్టపరిహారమిచ్చే ఇన్సూరెన్సు తీసుకున్నాడు. పెంకుల హాలుకు, కుర్చీలకు, నిలువుటద్దాలకు! పొయ్యి ఉన్న తాటాకుల వంటపాకను మాత్రం వదిలేశాడు. ఏజెంటు "పాక అంటుకుంటే" అనగానే, "పొయ్యి ముందర ఆ మాటేంటండీ, అశుభం! హాలు సంగతి చూడండి" అని కసిరాడు. "నిప్పుండేది ఇక్కడే కదా మావయ్యా" అంటే, "నోర్ముయ్‌రా, అగ్నిహోత్రుడు వింటాడు" అన్నాడు.

మొన్న చూరంటుకుంటే నీళ్లు కొట్టి ఆర్పింది నేను. పాక పోతే హోటలూ లేదు, నా కూడూ లేదు. నువ్వంటే ఆయనకు హడలు. పాకకూ తీసుకోమని గట్టిగా రాయించు.

చెల్లి జ్వరం తగ్గిందా? గేదె ఈనిందా? నాన్నగారికి నమస్కారాలు.

ఈ కార్డు మావయ్య చూస్తాడని బెంగపడకు. చూడాలనే ఆయన ఎదుటే, గల్లాపెట్టె మీద పెట్టుకుని రాస్తున్నాను.

శోభనాద్రి